ఓల్డ్ టౌన్ మేడ మీద "దేవుని సమయం" క్లాస్: పది శనివారాలు కూర్చున్నాక నా రివ్యూ

ఆరింటికి క్లాస్ అన్నారు, మొదలయ్యేసరికి ఆరూ నలభై అయింది, సబ్జెక్టేమో "దేవుని సమయం". నవ్వాలో ఏడవాలో తెలీలేదు. మా ఆవిడ వైపు చూస్తే బైబిల్లో పేజీలు తిప్పుతున్నట్టు నటిస్తోంది, నా వైపు చూడట్లేదు, ఎందుకంటే నన్ను అక్కడికి లాక్కొచ్చింది తనే.

విశాఖపట్నంలో జగదాంబ నుంచి ఓల్డ్ టౌన్ వైపు దిగే దారిలో ఒక మేడ మీద హాలుంది. అక్కడ ఏప్రిల్ మధ్య నుంచి జూన్ దాకా పది శనివారాలు పాత నిబంధన మీద క్లాసులు పెట్టారు, విశ్వాసం, ఎదురుచూడటం, దేవుడి టైమింగ్, ఇవీ టాపిక్కులు. పేరు రాయట్లేదు. నిర్వాహకులే వద్దన్నారు, హాల్లో పట్టేది నలభై మంది, ఇప్పటికే గోడకి ఆనుకుని వినేవాళ్ళున్నారు, పైగా ఇందులో కొన్ని తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి అదే మంచిది. ఫీజు పది వారాలకీ కలిపి మనిషికి 500, అందులోనే జిరాక్స్ నోట్సు, టీ, రెండు బిస్కెట్లు. చెప్పేది ఒక రిటైర్డ్ లెక్చరర్, అందరూ మాస్టారు అనే పిలుస్తారు, పెద్దయ్యాక కష్టపడి హీబ్రూ నేర్చుకున్నారట, బోర్డు మీద కుడి నుంచి ఎడమకి రాస్తుంటే చెయ్యి మొదట్లో కాస్త తడబడేది, అక్షరం చెరిపి మళ్ళీ రాసేవారు, అది నాకు ఎందుకో నచ్చింది, తెలిసినట్టు నటించే రకం కాదని అర్థమైంది.

నా గురించి రెండు ముక్కలు, లేకపోతే ఈ రివ్యూ అర్థం కాదు. నేను ఒక షిప్పింగ్ ఏజెంట్ ఆఫీసులో పనిచేస్తా. మాకు వెయిటింగ్ అంటే భక్తి కాదు, బిల్లు. ఆర్కే బీచ్‌లో సాయంత్రం కూర్చుంటే దూరంగా నీళ్ళ మీద ఆగి ఉన్న ఓడలు కనిపిస్తాయి కదా, జనం వాటిని బ్యాక్‌గ్రౌండ్‌లో పెట్టుకుని సెల్ఫీలు దిగుతారు, అవి అందం కోసం ఆగలేదు, బెర్త్ కోసం, అంటే రేవులో నిలిపే చోటు కోసం ఆగాయి, ఒప్పుకున్న టైమ్ దాటితే డెమరేజ్, రోజుకింత అని లెక్క, ఎవడో ఒకడు కట్టాల్సిందే. ఇంటి సంగతికొస్తే, 2019లో మధురవాడ వైపు ఒక ఫ్లాట్‌కి అడ్వాన్స్ కట్టాం, రెండేళ్ళలో తాళాలు చేతిలో పెడతా అన్నాడు బిల్డర్, ఇప్పటికీ లిఫ్ట్ గుంతలో నిలబడి తలెత్తితే ఆకాశం కనిపిస్తుంది. ఒక పక్క ఇఎమ్ఐ, ఒక పక్క ఇంటద్దె. ఫోన్ చేస్తే "దేనికైనా టైమ్ రావాలి సార్" అంటాడు. మా అత్తగారేమో "దేవుని సమయం రావాలి బాబూ" అంటారు. ఇద్దరిదీ ఒకటే మాట, ఒకళ్ళది భక్తి, ఇంకొకడిది ఎగవేత, వినే నాకు మాత్రం రెండూ ఒకేలా గుచ్చుకునేవి. ఆ మూడ్‌లో వెళ్ళినవాణ్ణి నేను.

మొదటి రోజు అబ్రాహాముతో మొదలుపెడతారనుకున్నా. కాదు, ఒక తెలుగు మాటతో మొదలుపెట్టారు. 27వ కీర్తన చివరి వచనం చదివించారు, "ధైర్యము తెచ్చుకొని నిబ్బరముగా నుండుము, యెహోవాకొరకు కనిపెట్టుకొని యుండుము". కనిపెట్టడం అంటే ఏంటర్రా అని అడిగారు. వెనకనుంచి ఒక ఇంజనీరింగ్ కుర్రాడు "ఇన్వెన్షన్ సార్, బల్బు కనిపెట్టడం" అన్నాడు, హాలంతా ఒకటే నవ్వు. మాస్టారు నవ్వలేదు. "మీ అమ్మ పొయ్యి మీద పాలు పెట్టి, పక్కింటికెళ్ళొస్తా కనిపెట్టుకుని ఉండరా అంటే నువ్వేం చేస్తావ్?" "చూస్తూ ఉంటా సార్." "ఏం చూస్తూ, ఫోనా?" "పాలు సార్." "అదీ" అని బోర్డు వైపు తిరిగారు. హీబ్రూలో అక్కడున్న మాట "కవ్వే" అట, ఆ ధాతువు నుంచే "తిక్వా", అంటే ఆశ, నిరీక్షణ. అదే తిక్వా అనే మాట యెహోషువ 2వ అధ్యాయంలో రాహాబు అనే ఆవిడ తన ఇంటికి గుర్తుగా కిటికీకి కట్టిన ఎర్రదారం దగ్గర కూడా ఉంది, మన బైబిల్లో తొగరుదారం అని ఉంటుందే, అది. ఆశకీ దారానికీ ఒకటే మాట. చిన్నప్పట్నుంచి సండే స్కూల్లో ఆ దారం బొమ్మకి రంగులేశాను గానీ ఈ సంగతి ఒక్కరూ చెప్పలేదు.

అప్పుడే మా ముందు వరసలో ఉన్న పెద్దావిడ వెనక్కి తిరిగి మా ఆవిడతో "దారవే గదమ్మా మాకూ కూడెట్టీది" అంది. ఆవిడ ఫిషింగ్ హార్బర్ దగ్గర నుంచి వచ్చేది, కొడుకులిద్దరూ బోటు మీద పనిచేస్తారు. టీ టైమ్‌లో అడిగితే "ఏట లేదు గదా బావు, ఇంట్లో కూకుని ఏటి సేస్తాను, అందుకే వచ్చినాను" అంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరమంతా మరబోట్లకి వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలం, అది మనూళ్ళో చేపల రేట్లు చూసేవాళ్ళందరికీ తెలుసు. నేనేదో జాలిగా "రెండు నెలలు ఖాళీగా ఉండాలంటే కష్టమే కదమ్మా" అన్నా. ఆవిడ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "కాళీ ఏటి బావు? వలలు కుట్టుకోవాల, బోటుకి రంగెయ్యాల, ఇంజను ఇప్పి సూసుకోవాల. పద్నాలుగో తారీకు రేత్రికి తయారుగా లేపోతే పక్కోడి బోటు ఎల్లిపోద్ది, మాది ఒడ్డునే ఉండిపోద్ది." బిస్కెట్ టీలో ముంచుకుంటూ చెప్పింది ఇదంతా. చేతివేళ్ళ మీద నైలాన్ దారం కోసుకున్న గీతలు, పాతవి తెల్లగా, కొత్తవి ఎర్రగా. మాస్టారి పది వారాల నోట్సులో నాకు బాగా ఎక్కిన పాయింట్ ఆయన చెప్పింది కాదు, ఇదీ.

రెండో వారం "మొయెద్" అనే మాట. ఆదికాండం 18లో దేవుడు అబ్రాహాముతో "నిర్ణయకాలమందు నీయొద్దకు తిరిగి వచ్చెదను" అంటాడు కదా, ఆ నిర్ణయకాలం. విశేషం ఏంటంటే ఈ మాటకి టైమ్ ఒక్కటే కాదు అర్థం, కలుసుకోవడం అని కూడా. పండగలకీ ఇదే మాట, లేవీయకాండం 23లో నియామక కాలాలంటే ఇవే, మన బైబిల్లో ప్రత్యక్షపు గుడారం అని ఉండేదానికి హీబ్రూలో ఉన్న పేరులోనూ ఇదే మాట. అంటే డేటూ అపాయింట్‌మెంటూ ఒకటే, క్యాలెండర్లో గడి కాదు, ఎవరో వస్తారు. ఇది బాగుంది. కానీ ఇక్కడే మాస్టారు గ్రామర్‌లోకి దిగిపోయి నలభై నిమిషాలు తినేశారు, నా పక్కనాయన గుర్రు పెట్టాడు, కరెంట్ కూడా పోయింది, మే నెల రాకముందే ఆ ఉక్కపోత ఏంటో, విసనకర్రలు పంచారు పాపం.

అబ్రాహాము క్లాస్ గురించి కాస్త ఎక్కువ రాస్తా, ఎందుకంటే ఆ రోజు నేను నోరు తెరిచాను. నిన్ను గొప్ప జనంగా చేస్తానన్న దేవుడి మాట నమ్మి హారాను అనే ఊరి నుంచి బయల్దేరినప్పుడు ఆయనకి 75, కొడుకు ఇస్సాకు పుట్టినప్పుడు 100, అంటే పాతికేళ్ళ వెయిటింగ్. మధ్యలో 86 ఏళ్ళప్పుడు ఇష్మాయేలు, అది భార్య శారా ప్లాన్, ఇంట్లో పనిచేసే ఐగుప్తు (ఈజిప్టు) అమ్మాయి హాగరుని ఇచ్చి పెళ్ళిచేసి పిల్లల్ని కనమంది. మామూలుగా మన ప్రసంగాల్లో ఇక్కడ "చూశారా దేవుని కంటే ముందు పరిగెత్తకూడదు" అని ఒక లైన్ చెప్పి దాటేస్తారు. నాకు ఆఫీసు బుద్ధి పోదు కదా, చెయ్యెత్తి అడిగా, "మాస్టారూ, పాతికేళ్ళు ఓడ ఆగింది, మరి డెమరేజ్ ఎవరు కట్టారు?" కొందరు నవ్వారు. మా ఆవిడ నా మోచెయ్యి గిల్లింది. ఆయన మాత్రం చాక్‌పీస్ కింద పెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "హాగరు కట్టింది" అన్నారు.

ఆ రోజు మిగతా క్లాసంతా హాగరే. ఆదికాండం 16లో ఆవిడ కడుపుతో ఎడారిలోకి పారిపోవడం, బుగ్గ దగ్గర దేవుడి దూత కనపడటం, "చూచుచున్న దేవుడవు నీవే" అని ఆవిడే దేవుడికి ఒక పేరు పెట్టడం, బైబిల్లో దేవుడికి పేరు పెట్టింది ఒక పనిమనిషి, ఈ సంగతి నాకు నలభై రెండేళ్ళొచ్చాక తెలిసింది. తర్వాత 21లో రొట్టె, నీళ్ళ తిత్తి భుజాన పెట్టి పిల్లాడితో సహా పంపేశారు, నీళ్ళయిపోయాయి, పిల్లాణ్ణి పొద కింద పడుకోబెట్టి, వాడు చచ్చిపోవడం నేను చూడలేనని అంత దూరం వెళ్ళి కూర్చుని ఏడ్చింది. దేవుడు ఆ పిల్లాడి మొర విన్నాడు. ఇష్మాయేలు పేరుకి అర్థమే దేవుడు వింటాడు అని. "ఎదురుచూడలేక మనం తీసుకున్న షార్ట్‌కట్‌కి బిల్లు సాధారణంగా మనింట్లో అందరికంటే కింద ఉన్నవాళ్ళకి వెళ్తుంది" అన్నారు మాస్టారు, అని మళ్ళీ బోర్డు వైపు తిరగలేదు, అక్కడే ముగించేశారు. బయటికొచ్చాక మేమిద్దరం బండి దగ్గర చాలాసేపు మాట్లాడుకోలేదు. ఇఎమ్ఐకి డబ్బు చాలక కిందటేడు మా ఇంట్లో పనిచేసే అమ్మాయిని మానిపించాం. అంతే, ఇంకేం రాయను దాని గురించి.

యోసేపు క్లాస్ సరదాగా గడిచిపోయింది. 17 ఏళ్ళకి అన్నలే అమ్మేశారు, ఐగుప్తు రాజు ఫరో ముందు నిలబడేసరికి 30, పదమూడేళ్ళు. జైల్లో పానదాయకుల అధిపతికి, అంటే రాజుకి పానీయాలు అందించేవాళ్ళ పెద్దకి, కల అర్థం చెప్పి "నన్ను జ్ఞాపకం చేసుకో, ఫరోతో చెప్పు" అని రికమెండేషన్ అడిగాడు, వాడు శుభ్రంగా మర్చిపోయాడు, ఇంకో రెండేళ్ళు. అడగడం తప్పు కాదు, గుర్తుంచుకోవడం వాడి చేతిలో ఉందనుకోవడమే పొరపాటు అన్నారు, సరే. సౌలు రాజు కథ మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. 1 సమూయేలు 13, గిల్గాలులో ఏడు రోజులు ఆగమన్నాడు ప్రవక్త సమూయేలు, సౌలు ఆగాడు, ఆయన రాలేదు, ఫిలిష్తీయులు ఎదురుగా, సైన్యం చెల్లాచెదురవుతోంది, సౌలు తానే దహనబలి అర్పించేశాడు, అది పూర్తవుతుండగానే సమూయేలు దిగాడు, నీ రాజ్యం నిలవదు అన్నాడు. లేటొచ్చింది ఎవరు సార్, తిట్లు తిన్నది ఎవరు? ఇదే అడిగితే మాస్టారు ఏదో చెప్పారు, సౌలు భయంతో చేశాడు, దేవుణ్ణి ఒక మంత్రంలా వాడుకున్నాడు అని. కొంతవరకు ఒప్పుకుంటా, కానీ ఆరింటి క్లాస్‌ని ఆరూ నలభైకి మొదలుపెట్టే హాల్లో కూర్చుని సౌలుని తిట్టడం నా వల్ల కాలేదు. ఇది నిర్వాహకులకి సీరియస్‌గా చెప్తున్నా, పది వారాల్లో ఒక్కసారి కూడా టైమ్‌కి మొదలవలేదు, గాజువాక నుంచి రెండు బస్సులు మారి వచ్చేవాళ్ళున్నారు, రాత్రి తొమ్మిదికి వాళ్ళు తిరిగి వెళ్ళాలి.

హబక్కూకు ప్రవక్త గ్రంథం బాగా చెప్పారు గానీ తొందరపడ్డారు. "అది ఆలస్యముగా వచ్చినను దానికొరకు కనిపెట్టుము" అన్న వెంటనే "జాగుచేయక వచ్చును" అని ఉంటుంది, ఆలస్యంగా వస్తుందా జాగు చేయదా ఏదో ఒకటి చెప్పండి మరి. మన వైపు నుంచి చూస్తే లేటు, ఆ వైపు నుంచి కాదు, అంతే. దాని తర్వాతి వచనంలో నీతిమంతుడు విశ్వాసమూలముగా బ్రతుకును అనే చోట హీబ్రూ మాట "ఎమునా". ఇక్కడ ఆయన మమ్మల్ని నిర్గమకాండం 17కి తీసుకెళ్ళారు. అమాలేకీయులతో యుద్ధం, మోషే చెయ్యెత్తితే గెలుస్తున్నారు, దించితే ఓడిపోతున్నారు, చేతులు బరువెక్కాయి, కింద ఒక రాయి వేసి కూర్చోబెట్టి అహరోను ఒక పక్క హూరు ఒక పక్క పట్టుకున్నారు, సూర్యుడు అస్తమించేదాకా చేతులు నిలుకడగా ఉన్నాయి. ఆ "నిలుకడ" దగ్గర ఉన్న మాట కూడా ఎమునాయే. అంటే విశ్వాసం అంటే బుర్రలో ఒప్పుకోవడం ఒక్కటే కాదు, నొప్పెడుతున్నా చెయ్యి దించకపోవడం, అది కూడా ఒంటరిగా కాదు, ఇద్దరు పట్టుకుంటే. అయిదు నిమిషాలు చేతులెత్తి ఉంచమన్నారు అందర్నీ. చేసి చూడండి ఇంట్లో. రెండో నిమిషానికి భుజాలు మంట. నా పక్కన గుర్రుపెట్టే ఆయన నా మోచెయ్యి కింద చెయ్యి పెట్టాడు, నేను ఆయనకి పెట్టా, పేరు కూడా అప్పటిదాకా అడగలేదు ఒకళ్ళనొకళ్ళం.

ఏడో వారం పెద్ద మైనస్. మాస్టారికి ఒంట్లో బాలేదు, ఆయన బదులు ఎవరో గెస్ట్ వచ్చారు, మైకు పట్టుకుని అరుపులు, దేవుని సమయం ఈ నెలలోనే, ఈ కవర్లో ఎంత విత్తితే అంత పంట అని, కవర్లు పంచారు. చదువు చెప్తామని ఫీజు తీసుకుని ఇదేంటి? మా ఆవిడ పర్సు జిప్పు వేసిన చప్పుడు ముందు వరసకి కూడా వినపడి ఉంటుంది. తర్వాత వారం మాస్టారు వచ్చి దాని గురించి నేరుగా ఒక్క మాట అనలేదు, నిర్గమకాండం 16 తీసి, ఎడారిలో దేవుడిచ్చిన ఆహారం మన్నా గురించి చదివించారు, రేపటికి దాచుకున్నది పురుగులు పట్టి కంపు కొట్టిన వచనం దగ్గర ఆగి, కవర్లిచ్చినవాళ్ళు టీ కౌంటర్ దగ్గర వాపసు తీసుకోవచ్చు అన్నారు. తీసుకున్నారు కూడా కొందరు. ఆ ఒక్క పనికి ఒక స్టార్ వెనక్కిచ్చేస్తున్నా.

ఇక యిర్మీయా ప్రవక్త. 29:11 తెలీని క్రైస్తవుల ఇల్లు మనూళ్ళో ఉండదనుకుంటా, క్యాలెండర్ మీద, స్టీలు గ్లాసు మీద, మా మరదలి వాట్సాప్ స్టేటస్‌లో వారానికి రెండుసార్లు, నేను మిమ్మల్ని గురించి ఉద్దేశించిన సంగతులు సమాధానకరమైనవే గానీ హానికరమైనవి కావు అని. మాస్టారు అడిగారు, పదో వచనం ఎంతమందికి వచ్చు? ఒక్క చెయ్యీ లేవలేదు. పదో వచనంలో ఉంది డెబ్బై ఏళ్ళని. బబులోనుకి చెరపట్టుకుపోయినవాళ్ళకి రాసిన ఉత్తరం అది, ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, మీరు చెరగా వెళ్ళిన ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చెయ్యండి, డెబ్బై ఏళ్ళయ్యాక తీసుకొస్తా. అంటే వింటున్నవాళ్ళలో చాలామంది తిరిగి రారు. ముందు అధ్యాయంలో ఇంకో ప్రవక్త ఉన్నాడు, హనన్యా, ఆయన ఏమన్నాడంటే రెండేళ్ళలో అన్నీ తిరిగొచ్చేస్తాయి అన్నాడు. రెండేళ్ళు! నేను పైకే నవ్వేశా. మా బిల్డర్ పేరు ఆ రోజు నుంచి మా ఇంట్లో హనన్యానే, ఫోన్లో కూడా అలాగే సేవ్ చేశా.

కానీ అసలు దెబ్బ 32వ అధ్యాయం. యెరూషలేము చుట్టూ బబులోను సైన్యం, ఊరు పడిపోబోతోంది, ఆ మాట చెప్పినందుకే యిర్మీయా కారాగృహ ప్రాకారంలో బందీ. అప్పుడు పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి అనాతోతులో నా పొలం కొనుక్కో అంటాడు. శత్రువు చేతిలో ఉన్న పొలం! యిర్మీయా పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చి కొన్నాడు. సంతకం, సాక్షులు, ముద్ర వేసిన పత్రం ఒకటి, ముద్ర లేనిది ఒకటి, రెండూ తన లేఖకుడు బారూకుకి ఇచ్చి మట్టికుండలో పెట్టించాడు చాలా కాలం ఉండేలా. మా క్లాసులో ఒక డాక్యుమెంట్ రైటర్ ఉన్నాడు, ఆయనకి ఊపొచ్చేసింది, "చూడండి సార్, ఒరిజినలూ కాపీ, సాక్షి సంతకాలు, మా ఆఫీసే" అని లేచి నిలబడ్డాడు. నాకు నచ్చింది ఆ తర్వాతది. కొన్నాక యిర్మీయా ప్రార్థన చేస్తాడు, ఆ ప్రార్థన చివర్లో పట్టణం కల్దీయుల (బబులోను వాళ్ళ) చేతికి పోతోంది కదా, మరి నువ్వు నన్ను పొలం కొనుక్కోమన్నావేంటి అని దాదాపు నిలదీసినట్టే అంటాడు. డబ్బు కట్టాక డౌటొచ్చింది. అచ్చం నాలాగే. ఆ పొలంలో ఆయన ఎప్పుడైనా అడుగుపెట్టాడని బైబిల్లో ఎక్కడా లేదు. తప్పుగా అనుకోకండి, నా ఫ్లాట్ యిర్మీయా పొలం అని నేను అనుకోవట్లేదు, దేవుడు నన్ను మధురవాడలో కొనమని చెప్పలేదు, బ్రోకర్ చెప్పాడు. మాస్టారు కూడా అదే అన్నారు, "మోసాన్ని మోసం అనండి, దానికి దేవుని సమయం అని పేరు పెట్టి ఊరుకోకండి, కంప్లైంట్ పెట్టడం అవిశ్వాసం కాదు". 13వ కీర్తనలో దావీదు ఎంతవరకు, ఎంతవరకు అని నాలుగుసార్లు దేవుడినే అడిగాడు, బిల్డర్ని అడగడానికి మనకేం మొహమాటం? ఆ సోమవారమే రెరాలో, అంటే బిల్డర్ల మీద ఫిర్యాదులు వినే ప్రభుత్వ సంస్థలో, కంప్లైంట్‌కి కాగితాలు సర్దడం మొదలుపెట్టా, ఆరేళ్ళ రసీదులు ఒక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టింది మా ఆవిడ, దాని మీద స్కెచ్ పెన్నుతో "మట్టికుండ" అని రాసింది.

ఆడవాళ్ళ కథల దగ్గర ఈ క్లాస్ వీక్. బిడ్డ కోసం ఏళ్ళ తరబడి ప్రార్థించిన హన్నాకి పావుగంట ఇచ్చారు, హాల్లో సగం మందికి పైగా ఆడవాళ్ళు, రూతు లేదు, ఎస్తేరు లేదు, దేవుడి పేరే కనపడని పుస్తకం ఎస్తేరు, దేవుని టైమింగ్ గురించి చెప్పాలంటే అంతకంటే మంచి పుస్తకం ఏముంది? మా ఆవిడ లేచి అడిగేసింది, "మౌనంగా ప్రార్థన చేసుకుంటున్న ఆడమనిషిని తాగొచ్చింది అనుకున్న యాజకుడు ఏలీ గురించి ఒక్క మాట అనరేంటండీ?" మాస్టారు తప్పే అన్నారు, తర్వాతి బ్యాచ్‌లో హన్నాకి ఒక వారం మొత్తం ఇస్తానన్నారు. చూద్దాం.

ఒక రోజు టీ దగ్గర మాటల్లో ఆయన చెప్పింది ఇంకోటి, క్లాసులో లేదు గానీ రాయకుండా ఉండలేను. ఇంగ్లండ్ నుంచి జార్జ్ క్రాన్, డే గ్రాంజ్ అని ఇద్దరు 1805లో మన విశాఖపట్నంలోనే దిగి, తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తలు తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. 1809లో క్రాన్ పోయాడు, 1810లో డే గ్రాంజ్ పోయాడు, సువార్తలు బెంగాల్లోని సెరాంపూర్‌లో అచ్చయింది 1812లో. అచ్చు పుస్తకం ఇద్దరూ చూళ్ళేదు. ఇదంతా ఎంగిలి గ్లాసులు బకెట్లో వేస్తూ చెప్పారు ఆయన.

ప్రాక్టికల్ విషయాలు. మెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కష్టం, రెయిలింగ్ ఒక పక్కే. పార్కింగ్ లేదు, బండి రోడ్డు మీదే. ఫ్యాన్లు మూడు, తిరిగేవి రెండు, కాబట్టి కుడివైపు మూడో వరసలో కూర్చోండి. దోమలు ఫ్రీ. అల్లం టీ మాత్రం అదిరింది, ఓల్డ్ టౌన్‌లో ఇలాంటి టీ బయట తాగాలంటే వెతుక్కోవాలి. క్రైస్తవులు కానివాళ్ళు రావచ్చా అని కొంతమంది అడిగారు నన్ను, రావచ్చు, మా ఆఫీసు కొలీగ్ ఒకతను రెండు వారాలు వచ్చాడు, ఎవరూ ఏమీ అనలేదు, కార్డు నింపమనలేదు. యూదులు ఈ పాత నిబంధననే 24 పుస్తకాలుగా లెక్కపెడతారని, మన 39 కూడా అవేనని, వాళ్ళ వరసలో చివరిది దినవృత్తాంతములని, అది పర్షియా రాజు కోరెషు చెరలో ఉన్న యూదులకి మీరు బయల్దేరి వెళ్ళొచ్చు అని చెప్పడంతో ముగుస్తుందని, ఇలాంటివి తెలుసుకోవాలనే కుతూహలం ఉన్న ఎవరికైనా బాగుంటుంది. వారం రోజుల్లో అద్భుతం కావాలనుకునేవాళ్ళు రాకండి.

అయిదుకి నాలుగు ఇస్తున్నా. తగ్గించింది లేటుకి, హన్నాకి కలిపి.

ఆఖరి శనివారం హార్బర్ పెద్దావిడ రాలేదు. అప్పటికి వేట మొదలై వారం అవుతోంది, బోట్లు తిరిగొస్తున్నాయి, తెల్లారకముందే రేవులో ఉండాలి ఆవిడ. ఆవిడ కుర్చీలో ఎవరో హెల్మెట్ పెట్టారు, మా ఆవిడ తీసి కింద పెట్టింది. నోట్సు రెండో భాగం ఆ రోజే ఇస్తామన్నారు, జిరాక్స్ షాపులో మెషిన్ పాడైందన్నారు, తర్వాత నెలయింది, ఇంకా రాలేదు. మొన్న ఫోన్ చేసి గట్టిగానే అడిగా, ఎంతవరకు మాస్టారూ అని. అవతల కాసేపు మాట లేదు, తర్వాత నవ్వు ఆపుకుంటూ "మంగళవారం నాలుగింటికి నేనే తెచ్చిస్తా, మీ ఆఫీసు ఎక్కడ చెప్పండి" అన్నారు. అడ్రస్ మెసేజ్ పెట్టా.